మాక్సిమినసు చక్రవర్తి చరిత్రము

వార్షిక మహాసభ సందర్భమున వెలువడు ఈ సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని చరిత్రము వ్రాయుడని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. ప్రసిద్ధుడైనవాడు పుణ్యపురుషుడే కావలెనను నియమము లేదు. ఒకని వృత్తాంతము వినుటవలన మన బిడ్డల బుద్ధికి కొంత మేలు కలుగునేని అది వ్రాయదగినదే యని మా తలంపు. కావున దేశకాలములచే మిక్కిలి దూరస్థుడైనను పుట్టుకచే మనకు దగ్గఱివాడైన యొకని నెన్నుకొంటిమి. అతడు బాల్యమున గొఱ్ఱెలను కాచెను. యౌవనమున కత్తి పట్టెను. తల నెఱసిన పిమ్మట రోమక సామ్రాజ్యమునకు చక్రవర్తి యయ్యెను. రోమక చక్రవర్తులలోనెల్ల మిక్కిలి పొడవైనవాడని ప్రసిద్ధి వడసిన మాక్సిమినసు అతడే.

మన సంఘమువారిలో పెక్కుమంది తాతముత్తాతలు గిద్దలూరు, కంబము, మార్కాపురము, ఎఱ్ఱగొండపాలెము సీమలలో మందలను మేపి జీవించినవారు. వేసవిలో పల్లెచెంత పచ్చిక యెండిపోగా జీవములను నల్లమల చరియలకు తోలి, రాత్రులందు ముండ్లకంచెలో వానిని నిలిపి, వెలుపల నెగడు రగిలించి మెలకువతో కూర్చుండినవారు. ఎండయు, వానయు, ఆకలియు, అడవిమృగమును, దొంగయు వారికి నిత్యపరిచితములు. అట్టి జీవనమున దేహము గట్టిపడును, కన్ను చుఱుకగును, చదువు మాత్రము దూరమగును. ఈ మూడును మాక్సిమినసు జీవితమునందు గలవు. మొదటి రెండును అతనిని పైకెత్తినవి. మూడవది అతనికి చేసిన కీడెట్టిదో ముందు చూడగలము.

రోమక సామ్రాజ్యమనగా మనకేమియు సంబంధము లేని దూరదేశమని చదువరులు తలంపవలదు. మిరియములు, ముత్యములు, సన్నని నూలుబట్టలు మన దేశపు తీరములనుండి పడమటికి పోవుచుండెను. వాని వెలగా రోమక సువర్ణము వచ్చుచుండెను. మార్కాపురమునకు ఈశాన్యముననున్న వినుకొండలో రోమక బంగారు నాణెముల నిధి దొరకినది. అందు తిబెరియసు మొదలుకొని కారకల్లా వఱకు గల చక్రవర్తుల ముద్రలున్నవి. నాగార్జునకొండలోను రోమక నాణెములు బయల్పడినవి. వినుకొండ నాణెముపై ముద్రింపబడిన ఆ కారకల్లా సేనలోనే మన కథానాయకుడు ఉద్యోగియై యుండెను. అతడు రాజ్యమేలిన క్రీస్తుశకము మూడవ శతాబ్దముననే యిచ్చట కృష్ణాతీరమున విజయపురి రాజధానిగా ఇక్ష్వాకురాజులు పాలించుచుండిరి.

అతని పూర్తి నామము గాయసు జూలియసు వేరసు మాక్సిమినసు. క్రీ. శ. 173 ప్రాంతమున జన్మించెనని యెంచుదురు. డాన్యూబు నదికి దక్షిణమున, నేటి బల్గేరియా ప్రాంతమున, థ్రేసు అను సీమ యుండెను. ఆ సీమలోని యొక మారుమూల పల్లె అతని జన్మస్థానము. థ్రేసువాడను అర్థమున థ్రాక్సు అను పేరు తరువాతి కాలమున అతనికి స్థిరపడినది. తండ్రి గోతు జాతివాడనియు, తల్లి అలాను జాతిది యనియు ఒక గ్రంథము చెప్పుచున్నది గాని యది కల్పితమని నేటి పండితులలో పెక్కురి యభిప్రాయము. చిన్ననాట గొఱ్ఱెలను కాచెననుట మాత్రము ఆ కాలముననే జీవించిన హెరోడియను అను గ్రీకు చరిత్రకారుడు వ్రాసిన విషయము. పడుచుకాపరులను కూడగట్టుకొని, దొంగల నెదిర్చి, తనవారి మందలను కాపాడుచుండెనని తరువాతి కథనము.

ఇక అతని పొడవు మాట. ఇంచుమించు నూటయేబది సంవత్సరములకు తరువాత వెలువడిన లాటిను గ్రంథమొకటి అతడు ఎనిమిది రోమక అడుగులకు పైన ఒక వ్రేలి పొడవు గలవాడని చెప్పుచున్నది. మన లెక్కలో అది అయిదు మూరలకు మించును. నేటి కొలతలో ఇంచుమించు 2.4 మీటర్లు. భార్య ముంజేతి కంకణము అతని బొటనవ్రేలికి ఉంగరముగా సరిపోయెనట. దినమునకు ఇరువదియైదు లీటర్లకు మించిన ద్రాక్షసారాయము త్రాగి, నలువది రోమక పౌనుల మాంసము తినుచుండెనట. బకాసురునికి పంపిన బండెడన్నమును తానే తిన్న భీమసేనుని కథ విన్న మనకు ఇట్టి మాటలు వింత గావు. ఈ కొలతలను నమ్మనక్కఱలేదు. కాని హెరోడియను కొలతలేమియు చెప్పకయే, అతని యాకారము చూచువారికి భయము పుట్టించునంతటి దనియు, గ్రీకు మల్లులలోగాని అనాగరక వీరులలోగాని అతనికి సాటి లేడనియు వ్రాసెను. నాణెములపై అతని గడ్డము ముందునకు పొడుచుకొని, దవడ మిక్కిలి పెద్దదిగా నుండుట చూచి, ఎముకలు మితిమీఱి పెరుగు వ్యాధి అతనికి ఉండెనేమోయని నేటి వైద్యులు కొందఱు ఊహించుచున్నారు.

అతడు సేనలో ప్రవేశించిన విధము ఆ లాటిను గ్రంథమున నిట్లు చెప్పబడినది. సెప్టిమియసు సెవరసు చక్రవర్తి తన చిన్న కుమారుని జన్మదినోత్సవమున సైనికులకు పందెములు పెట్టెను. లాటిను భాష సరిగా రాని యీ కాపరి ముందునకు వచ్చి, తనను మల్లయుద్ధమునకు అనుమతింపుమని వేడెను. సైనికులతో పోరాడుట వారి గౌరవమునకు భంగమని తలంచి చక్రవర్తి దండు వెంబడి నుండు పనివారిలో బలవంతులను అతనిపైకి వదలెను. అతడు ఊపిరి తిప్పుకొనక వరుసగా పదునార్గురిని పడవైచెను. పిదప చక్రవర్తి గుఱ్ఱమెక్కి వేగముగా తిరుగుచుండగా దాని వెంట అలసట లేక పరుగెత్తెను. అంతటితో విడువక మఱి యేడ్గురు సైనికులను ఓడించెను. చక్రవర్తి మెచ్చి బంగారు కంఠాభరణమొసగి తన యంగరక్షకులలో చేర్చుకొనెను. ఈ కథలో అతిశయోక్తి యెంతయైనను, కండబలమే అతనికి తలుపు తెఱచెననుట నిజము.

తరువాత ఇరువది, ముప్పది సంవత్సరములు అతడు మెట్టుమెట్టుగా నెక్కెను. కారకల్లా కాలమున శతాధిపతి యయ్యెను. 217లో ఆ చక్రవర్తి హత్య గావింపబడి మాక్రినసు గద్దె నెక్కగా, తనకన్నము పెట్టినవాని వంశమును చంపించినవానికి కొలువు చేయజాలనని సేనను విడిచి స్వగ్రామమున కొంత భూమి కొనుక్కొని యుండెనట. ఆ మాట నిజమైనచో అతని హృదయమున కృతజ్ఞత యను సద్గుణము గలదనుటకు అది సాక్ష్యము. 222లో అలెగ్జాండరు సెవరసు పదుమూడేండ్ల బాలుడుగా చక్రవర్తి యయ్యెను. రాజ్యభారమంతయు తల్లి జూలియా మమేయ చేతిలో నుండెను. వారి కాలమున మాక్సిమినసు మరల పెద్ద పదవులు పొంది, తుదకు రైను నదీతీరమున క్రొత్తగా చేరిన పడుచు సైనికులకు యుద్ధవిద్య నేర్పు అధికారి యయ్యెను. అతడు చేయుమని చెప్పి యూరకుండువాడు కాడు. తాను చేసి చూపువాడు. అందుచే ఆ పడుచువాండ్రు అతనిని గురువుగాను తండ్రిగాను భావించిరి.

235లో జర్మను జాతులు సరిహద్దు దాటి వచ్చుచుండగా అలెగ్జాండరు సేనతో మైంజు పట్టణము చెంత విడిసెను. కాని యుద్ధము చేయక ధనమిచ్చి సంధి చేసికొనవలెనని తలపెట్టెను. శత్రువుల కిచ్చెడు ధనము మాకిచ్చిన పోరాడమా యని సైనికులు గొణిగిరి. ఒకనాటి యుదయమున సాముకై కూడిన పడుచువాండ్రు మాక్సిమినసు భుజములపై చక్రవర్తులు ధరించు ఊదారంగు వస్త్రమును కప్పిరి. అతడు మొదట దానిని తీసివైచెననియు, వారు కత్తులు దూసి బలవంతము చేయగా నొప్పుకొనెననియు చెప్పుదురు. ఒప్పుకొనిన వెంటనే వారి జీతములను రెండింతలు చేసెదనని వాగ్దానము చేసెను. పిదప దండు అలెగ్జాండరు విడిదిపైకి నడచెను. అతని భటులు అతనిని విడిచిరి. ఇరువదియాఱేండ్ల ఆ చక్రవర్తియు, తల్లియు ఒకే గుడారమున చంపబడిరి. మన కాపరి రక్తము త్రొక్కి సింహాసనమెక్కెనను మాటను మేము దాచము.

రోము నగరమున సెనేటు అను పెద్దలసభ యుండెను. తరతరముల భూస్వాములు, విద్వాంసులు, వక్తలు అందు సభ్యులు. సాధారణముగా ఆ సభలోనివాడే చక్రవర్తి కావలెను. మాక్సిమినసు ఆ సభ గడప నెన్నడును త్రొక్కినవాడు కాడు. చక్రవర్తియైన పిదపను ఒక్కమారైన రోమునకు పోలేదు. పడుచు సైనికులకు భయపడి సభవారు అతని యధికారమును అంగీకరించిరి. హృదయములందు మాత్రము గొఱ్ఱెలవాడని, అనాగరకుడని ఏవగించుకొనిరి. 212లోనే కారకల్లా తన సామ్రాజ్యములోని స్వతంత్రులనెల్ల రోమక పౌరులనుగా చేయుచు శాసనము చేసియుండెను. శాసనముచే సమత్వము వచ్చెను, మనస్సులలో రాలేదు. ఈ మాట మన దేశమున అర్థము కానివారుండరు.

మహాభారతమున కురుకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన రంగమున కర్ణుడు నిలిచినపుడు అతని విల్లు నెవ్వరును వంక పెట్టలేదు, కులమునే యడిగిరి. మాక్సిమినసునకును అట్లే జరిగినది. కాని యిరువురకును భేదమొకటి గలదు. తాను కుంతీపుత్రుడనని కృష్ణుని వలన తెలిసికొనిన పిదపను కర్ణుడు తనను పెంచిన రాధను విడువలేదు. సూతుని యింట పెరిగితినని చెప్పుకొనుటకు సిగ్గుపడలేదు. మాక్సిమినసు సిగ్గుపడెను. తన పూర్వపు పేదఱికమును ఎఱిగినవారిని, ఒకప్పుడు తనకు సాయపడిన మిత్రులను గూడ, వారు చూచినదంతయు మాసిపోవలెనని చంపించెనని లాటిను గ్రంథము చెప్పుచున్నది. అందులో కొంత కల్పన యుండవచ్చును. కాని పుట్టుకను గూర్చిన యవమానము అతని మనస్సులో ముల్లువలె నాటుకొని యుండెనని సర్వులు నంగీకరించిరి. ఎదుటివారు చేసిన యవమానము కంటె దానిని తాను నమ్ముట యెక్కువ హాని.

సేనానిగా అతని ప్రతాపమును తక్కువ చేయరాదు. ఆ సంవత్సరముననే రైను నదిపై వంతెన కట్టి జర్మను దేశమున బహుదూరము చొచ్చుకొనిపోయెను. ఒక బురదమడుగు కడ శత్రువులు దాగి నిలువగా రోమక సైనికులు వెనుదీసిరి. అప్పుడు అరువదేండ్లు దాటిన చక్రవర్తి తానే గుఱ్ఱమును బురదలోనికి తోలి, గుఱ్ఱము కడుపు వఱకు మునుగుచుండగా పోరాడెను. సైనికులు సిగ్గుపడి వెంట దూకి జయించిరి. అతడు ఆ యుద్ధదృశ్యమును పెద్ద పటముగా వ్రాయించి సెనేటు మందిరము ముందఱ నిలిపించెను. తన కంటె చదువుకొనినవారికి తన పనిని బొమ్మలో చూపవలెనను కోరిక అందు కానవచ్చుచున్నది.

రోమక సేన అంతదూరము పోయెనని పాత గ్రంథము చెప్పగా పూర్వపు పండితులు నమ్మలేదు. మూలములోని వందల మైళ్లను పదుల మైళ్లుగా దిద్దిరి. కాని 2008లో జర్మనీ దేశపు దిగువ సాక్సనీ సీమలో హార్జుహోర్ను అను కొండచెంత మూడవ శతాబ్దపు యుద్ధభూమి యొకటి వెలుగులోనికి వచ్చినది. బాణపుమొనలు, చెప్పుల మేకులు, బండి సామగ్రి, అలెగ్జాండరు సెవరసు నాణెములు అచ్చట దొరకినవి. అది మాక్సిమినసు సేన పోరాడిన స్థలమే యని పండితులు భావించుచున్నారు. పదునెనిమిది శతాబ్దముల పిమ్మట ఇనుపమేకులు ఆ కాపరి పక్షమున సాక్ష్యము పలికినవి. తరువాతి సంవత్సరములలో అతడు డాన్యూబు తీరమున సిర్మియము పట్టణమును నెలవుగా చేసికొని ఇతర జాతులతో పోరాడెను. రోడ్లు, వంతెనలు బాగుచేయించెను. అతని పేరు చెక్కిన మైలురాళ్లు పెక్కు దేశములలో నేటికిని గలవు.

అతని భార్య పౌలీనా సాధుస్వభావురాలనియు, మంచిమాటలతో భర్త క్రౌర్యమును తగ్గింప యత్నించెడిదనియు ప్రసిద్ధి. ఆమె మరణానంతరము దేవతగా ముద్రించిన నాణెములు దొరకినవి. కుమారుడు మాక్సిమసు చక్కని రూపము గలవాడు. తండ్రి అతనిని యువరాజును చేసెను.

ఇంతలో కుట్రలు ప్రారంభమైనవి. చక్రవర్తి రైను దాటిన పిదప వంతెనను విఱుగగొట్టి అతనిని శత్రువులకు వదలివేయుటకు మాగ్నసు అను పెద్దమనుష్యుడు పన్నాగము పన్నెనని తెలిసినది. పిదప తూర్పుదేశపు విలుకాండ్రు క్వార్టినసు అనువానిని ఎదురు చక్రవర్తిగా నిలిపిరి. అతని మిత్రుడే అతనిని నిద్రలో చంపి తలను తెచ్చెను. మాక్సిమినసు తల తెచ్చినవానిని గూడ చంపించెను. నాటినుండి అతనికి ఎవ్వరియందును నమ్మకము లేకపోయెను. మాగ్నసు కుట్రలో చేరిరన్న యనుమానముతో పెక్కుమందిని విచారణ లేక చంపించెను. మంద కాచువాడు చీకటిలో కదలిన ప్రతి నీడను తోడేలని తలంచినచో తుదకు తన కుక్కనే కొట్టును.

యుద్ధములకంటె అతనికి ఎక్కువ చేటు తెచ్చినది జీతముల వాగ్దానము. రెండింతల జీతమునకు ధనమెచ్చటిది? మొదట ధనికులపై నేరములు మోపి ఆస్తులను హరించెను. సామాన్యజనులు దానిని పట్టించుకొనలేదు. పిదప పట్టణములలో ధాన్యము పంచుటకు, ఉత్సవములు చేయుటకు కూడబెట్టిన పురజనుల సొమ్మును తీసికొనెను. దేవాలయములలోని వెండి బంగారు విగ్రహములను, కానుకలను కరగించి నాణెములు పోయించెను. కొన్ని యూళ్లలో జనులు గుడివాకిళ్లలో నిలిచి ప్రాణములు విడిచిరి గాని దేవుని సొమ్ము నీయలేదు. సైనికుల బంధువులే సైనికులను దూషింపసాగిరి. చక్రవర్తికి తెలిసిన జనము దండులోని జనమే; పన్ను కట్టు జనము అతని కంటికి ఆనలేదు. తన మంద కడుపు నింపుటకై పొరుగువాని చేను మేపిన కాపరి మంచి కాపరి కాడని అతని చిన్ననాటి పల్లెలోనే యెవరైన చెప్పియుందురు. అది అతడు మఱచెను.

238లో ఆఫ్రికా సీమలోని థిస్డ్రసు పట్టణమున నిప్పు రాజుకొనినది. అది నేటి ట్యునీసియా దేశములోని యెల్‌జెము. అచ్చటి సుంకపు అధికారి కొందఱు భూస్వామి యువకులకు అన్యాయముగా జుల్మానాలు విధించి, పిత్రార్జితములను లాగుకొన జూచెను. వారు మూడు దినములు గడువు కోరి, ఆ రాత్రి పొలములలోని తమ పనివారిని రప్పించిరి. పనివారు దుడ్డుకఱ్ఱలు, గొడ్డండ్లు బట్టలలో దాచుకొని జనములో కలిసి నిలిచిరి. యువకులు అధికారిని పొడిచి చంపిరి. ఇక తమకు చావు తప్పదని తెలిసి, ఇంచుమించు ఎనుబదేండ్ల వృద్ధుడును ఆ రాష్ట్రపాలకుడును అగు గోర్డియనును చక్రవర్తిగా ప్రకటించిరి. అతని కుమారుడును సహచక్రవర్తి యయ్యెను. రోములోని సెనేటు సంతోషముతో వారిని అంగీకరించి, మాక్సిమినసును దేశశత్రువని చాటెను.

ఆ గోర్డియనుల ప్రభుత్వము మూడువారములు మాత్రమే నిలిచినది. పొరుగు రాష్ట్రపాలకుడైన కపెలియానసు దండుతో కార్థేజిపై పడగా కుమారుడు యుద్ధమున మడిసెను. తండ్రి ఉరి పోసికొనెను. వెనుకకు మరల వీలులేని సెనేటు తన సభ్యులలో ప్యూపియెనసు, బాల్బినసు అను నిరువురను చక్రవర్తులుగా నెన్నుకొనెను. జనులు కోరగా వృద్ధ గోర్డియనుని మనుమని, పదుమూడేండ్ల బాలుని, యువరాజును చేసిరి. ఆ యేట రోమక సామ్రాజ్యమున ఆర్గురు చక్రవర్తులైరి.

సిర్మియములో నీ వార్త విని మాక్సిమినసు రెండు దినములు ఎవ్వరితోను మాటలాడక మిత్రులతో ఆలోచించుచుండెను. మూడవనాడు సేనను సమావేశపఱచి యుపన్యసించెను. ఆ యుపన్యాసము అతడు స్వయముగా కూర్చినది కాదు. మిత్రులు వ్రాసియిచ్చిన పత్రమును చూచి చదివెనని హెరోడియను వ్రాసెను. ఈ చిన్న సంగతి కడ మేము చాలసేపు నిలిచితిమి. మల్లయుద్ధమున పదునార్గురిని పడవైచిన చేతులకు ఆనాడు ఆ పత్రము ఎంత బరువైయుండునో! తన సింహాసనము, తన ప్రాణము, తన కుమారుని ప్రాణము ఊగులాడుచున్న గడియలో తన సేనతో తన మాట చెప్పుకొనుటకు ఆ మహాకాయునికి పరుల వ్రాత శరణ్యమైనది.

సేన ఇటలీకి కదలెను. ఆల్పుసు పర్వతముల చెంతనున్న యెమోనా పట్టణము చేరునప్పటికి అందు జనులు లేరు, గింజలు లేవు. పురజనులు కొన్నిటిని తీసికొని మిగిలినవానిని కాల్చి పోయిరి. కొండ దిగగా ఇసోంజో నది మంచు కరగి పొంగుచుండెను, వంతెన విఱుగగొట్టబడియుండెను. సైనికులు చుట్టుపట్టుల దొరకిన ఖాళీ ద్రాక్షసారాయపు పీపాలను కట్టి, పైన కంపయు మన్నును పఱచి దాటిరి. ఎదుట అక్విలీయా మహానగరము తలుపులు మూసికొని నిలిచెను. లోపల ధాన్యము, నీరు పుష్కలముగా నుండెను. క్రిస్పినసు, మెనోఫిలసు అను నిరువురు సెనేటు సభ్యులు పురజనులకు ధైర్యము చెప్పుచుండిరి. గోడ నెక్కవచ్చినవారిపై కాగిన కీలు, గంధకము, నూనె కుమ్మరించిరి. వింటినారులకై అచ్చటి స్త్రీలు తలవెండ్రుకలను కోసి యిచ్చిరని చెప్పుదురు.

ముట్టడించినవారే ఆకలికి చిక్కిరి. వారే చుట్టుప్రక్కల తోటలను నఱికి, పొలములను పాడుచేసియుండిరి. నదీజలము శవములతో చెడిపోయెను. మాక్సిమినసు కోటను పట్టలేకపోవుటకు తన నాయకుల పిఱికితనమే కారణమని కొందఱిని చంపించెను. దానితో మిగిలినవారి మనసులు విఱిగినవి. ఆ సేనలో రెండవ పార్థికా దళమువారి భార్యాబిడ్డలు రోము నగరమునకు చేరువనున్న ఆల్బను కొండ కడ, అనగా సెనేటువారి చేతిలో, నుండిరి. ఒకనాటి మధ్యాహ్నమున ఎల్లరు విశ్రమించియుండగా ఆ దళమువారు ధ్వజములనుండి చక్రవర్తి బొమ్మలను పెఱికివైచి అతని గుడారము చుట్టుకొనిరి. అతడు కుమారునితో వెలుపలికి వచ్చి మాటలాడబోయెను. వారు వినలేదు. తండ్రికొడుకులను అచ్చటనే చంపి, తలలను రోమునకు పంపి, దేహములను కుక్కలకును పక్షులకును వదలిరి. పిదప ఆకొన్న సైనికుల కొఱకు అక్విలీయా పురజనులు కోటగోడపై అంగడి తెఱచి అన్నపానములమ్మిరి.

మూడు సంవత్సరముల యేలుబడి యిట్లు ముగిసినది. శాసనములనుండి అతని పేరు చెక్కివేయబడెను. కాని పెద్దలసభ జయము గూడ నిలువలేదు. వారెన్నుకొనిన యిరువురు చక్రవర్తులను ఇంచుమించు మూడు నెలలలోనే రోములోని భటులు చంపిరి. సేన చేతికి చిక్కిన గద్దె మరల సభ చేతికి రాలేదు. 284లో డయొక్లీషియను వచ్చువఱకు సామ్రాజ్యము కలతలతో నలిగినది. ఆ కలతలలో దానిని నిలిపినవారెవరు? రెండవ క్లాడియసు, ఆరేలియను, ప్రోబసు మొదలగువారు. డాన్యూబు సీమలలో సామాన్యకుటుంబములందు పుట్టి, సేనలో ఎదిగినవారు. మాక్సిమినసు తెఱచిన త్రోవనే వారు నడచిరి. పల్లెవాడు చక్రవర్తి కాగలడని మొదట చూపినవాడు అతడు.

అతనిని గూర్చి మనకు తెలిసిన దంతయు అతని పగవారి పక్షము వ్రాసినదే యనుట మఱవరాదు. హెరోడియనుకు పట్టణములపై అభిమానము; లాటిను గ్రంథకర్తకు సెనేటుపై భక్తి. మాక్సిమినసు పక్షమున వ్రాసినవాడొకడును లేడు. అతని దండులో కత్తి పట్టగలవారు వేలకొలది యుండిరి; కలము పట్టి మా నాయకుడిట్టివాడు, మా కష్టమిట్టిది యని చెప్పగలవాని మాట యేదియు మనవఱకు రాలేదు. మందలు కాచినవారు గ్రంథములు వ్రాయలేదు; కనుక మంద కాచినవానిని గూర్చి యితరులు వ్రాసినదే చరిత్రమైనది. అతని నేరములు నేరములే. వానిని మేము కప్పిపుచ్చము. కాని అతని పక్షపు మాట వినక తీర్పు చెప్పవలసివచ్చినందులకు విచారించుచున్నాము.

సోదరులారా, మన కథ యెవరు వ్రాయుదురు? మన తాతలు ఏ చరియలలో మందలు మేపిరో, ఏ కఱవులలో జీవములను పోగొట్టుకొనిరో, ఏ తీర్పులు చెప్పుకొనిరో వ్రాసిపెట్టినవారు అరుదు. ఆ సంగతులు వృద్ధుల నోళ్లలో నున్నవి, వారితోనే పోవుచున్నవి. పలకలకు పేరొందిన మార్కాపురపు సీమ మనది. దేశమునందలి యెందఱో బాలురు ఈ నేల పలకపై ఓనమాలు దిద్దిరి. ఆ రాతిని త్రవ్వి యెత్తిన చేతులుగల యిండ్లలో చదువు లేనివారుండుట మనకు తగునా?

కంబము చెరువును చూచినవారికి మేము చెప్పబోవునది సులభముగా తెలియును. గుండ్లకమ్మ కొండలనుండి దూకునపుడు దాని బలము ఎవ్వరికిని పనికిరాదు. ఒడ్డులను కోసికొని పోవును. రెండు కొండల నడుమ కట్ట వేసిన పిమ్మట ఆ నీరే పొలములకు ప్రాణమైనది. కట్ట నీటి బలమును తగ్గింపలేదు, నిలిపినది. మాక్సిమినసు బలము కట్టలేని యేఱు. చదువు, మంచివారి యాలోచన, తన పుట్టుకయెడ సిగ్గులేమి యను కట్ట అతనికి కుదిరియుండినచో అక్విలీయా గోడల క్రింద అతని కథ అట్లు ముగియకపోయెడిదేమో!

మన బిడ్డలు పొడవుగా నెదుగుదురు గాక, బలవంతులగుదురు గాక. తాత చేతికఱ్ఱను ఇంటిలో కనబడునట్లు నిలిపి, దాని ప్రక్కనే పలకను వ్రేలాడదీయుదురు గాక యని కోరుచు విరమించుచున్నాము.